బోర్లించిన కుండ

పోయిన నెల మదనపల్లెలో మా అక్క కూతురు సుజాత కొత్త ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. వంటింటి గట్టు మీద కొళాయి బిగించిన మట్టి కూజా ఒకటి పెట్టుకుంది. బెంగళూరులో ఏదో ఎగ్జిబిషన్‌లో కొన్నదట, పొట్ట మీద తెల్ల పువ్వులు కూడా వేసి ఉన్నాయి. నీళ్ళు పట్టుకుందామని గ్లాసుతో దగ్గరకు పోయినదాన్ని, నాకు తెలియకుండానే చూపుడు వేలు మడిచి ఆ పువ్వుల మీద రెండుసార్లు కొట్టాను. "ఏం చిన్నమ్మా, తలుపు కొట్టినట్టు కొడతాండావు? లోపల ఎవురన్నా ఉండారా?" అని సుజాత పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. కానీ నా చెవి అప్పటికే కూజా సంగతి తేల్చేసింది. కాల్పు చాల్లేదు, ఎండాకాలం దాకా ఆగితే గొప్ప. కొత్తింట్లో ఆ మాట ఎందుకని అనలేదు. తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని పుంగనూరు దారి పట్టాక మాత్రం, ఈ వేలికి ఈ బుద్ధి పుట్టిన చలికాలం మొత్తం వరసగా గుర్తుకొచ్చింది.

మా పుట్టిల్లు కుప్పం దగ్గర, శాంతిపురం పక్క పల్లె. కుమ్మరోళ్ళమే అయినా, నాకు ఊహ తెలిసేసరికి మా నాయన సారె వదిలేసి గ్రానైటు పనిలోకి పోయాడు. కుండలు చేసే చక్రం మా పెరట్లో బోర్లా పడి ఉండేది, కోళ్ళు దాని మీద ఎక్కి కూర్చునేవి. ఎవరైనా కులం అడిగితే మా నాయన మాట తప్పించేవాడు. అందువల్ల పదో తరగతి పాసైన నాకు మట్టి పిసకడం కూడా రాదు, వచ్చని చెప్పుకోవాలన్న కోరికా లేదు. అట్లాంటి నన్ను పుంగనూరు పక్క పల్లెలో మునెప్ప మామ ఇంటికి కోడలిగా ఇచ్చారు. పెళ్ళి శ్రావణంలో జరిగింది. వానలు ముగిసి చలి మొదలయ్యేసరికి నాకు తెలిసిన మొదటి సంగతి ఏమంటే, ఆ ఇంట్లో చలికాలం వస్తే మంచి చోటంతా కుండలకే, మనుషులు మిగిలిన చోట సర్దుకోవాల.

ఎండాకాలంలో చేసిన కుండ మూడు రోజుల్లో ఆరిపోతుంది. చలికాలంలో అదే కుండకు పది రోజులు, మంచు ఎక్కువైతే పదిహేను. బయట పెడితే పొద్దున మంచుకు చెమ్మ పడుతుంది, గాలికి పెడితే పగులుతుంది. అందుకని ఇంట్లోనే, గోడల వెంబడి, అటక కింద, చివరికి మాకని ఇచ్చిన చిన్న గదిలో కూడా పచ్చి కుండలు పేర్చేవాళ్ళు. వాటి మీద అత్త పాత చీరలు కప్పేది. కొత్త కోడలికి కప్పుకోవడానికి ఒక దుప్పటైతే, కుండలకు రెండు. మా ఆయన రామచంద్ర నిద్రలో కాలు చాపితే కుండ తగులుతుందని ముడుచుకుని పడుకునేవాడు. "పెండ్లయినంక కాళ్ళు సాపుకోని పండుకుంటాననుకుంటినే" అని నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

పొద్దున మామ అందరికన్నా ముందు లేచేవాడు. తలకు తువ్వాలు చుట్టి, పైన మంకీ క్యాపు వేసి, మట్టి కుప్ప దగ్గరకు పోయి అరచేయి పెట్టి చూసేవాడు, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు. చెరువు ఎండినప్పుడే తోలి పెట్టుకున్న మట్టి అది. మార్గశిరంలో దాన్ని తాకితే వేళ్ళు కొంకర్లు పోయేవి. అత్త నారాయణమ్మ పెద్ద కాగులో నీళ్ళు మరగబెట్టి, ఆ వేడి నీళ్ళు మట్టిలో పోసేది. అప్పుడు మామ, మా ఆయన పంచెలు ఎగగట్టి దాంట్లోకి దిగి తొక్కేవాళ్ళు. వేడి నీళ్ళు పడిన మట్టి వాసన, పక్క పొయ్యిలో నీలగిరి ఆకు పొగ, పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజల పచ్చి వాసన, మూడూ కలిసి ఇల్లంతా పట్టేసేవి. మొదట్లో నాకు తల తిరిగేది. ఇప్పుడు ఆ వాసన కోసం తల తిప్పి చూస్తాను, ఎక్కడా దొరకదు.

ఎండ అరుగు మీదికి వచ్చాకనే మామ సారె ముందు కూర్చునేవాడు. కర్రతో చక్రాన్ని తిప్పి వదిలితే, అది పంకా మాదిరి తిరుగుతుండగా చేతులు పక్కనున్న కుంపటి మీద ఒక్క క్షణం కాచుకుని మట్టి మీద పెట్టేవాడు. ఆయనతో మాట్లాడాలంటే చక్రం ఆగాకనే. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి తిన్నాక, సగం ఆరిన కుండలను ఒళ్ళో పెట్టుకుని లోపల రాయి, బయట చెక్క పెట్టి కొట్టి పొట్ట సాగదీసేవాడు. ఆ టపటప చప్పుడు మా వీధిలో గడియారం మాదిరి. అది ఆగితే పక్కింటోళ్ళు మేతకు పోయిన ఎనుములు తోలుకోని రావడానికి బయలుదేరేవాళ్ళు. చప్పుడు ఆగాక అత్త కుండల మీద ఎర్రమన్ను జాజు పూసేది. మబ్బు లేని రోజు చూసి కుండలు కాల్చే ఆవం పేర్చేవాళ్ళు. కుండల మధ్య పిడకలు, చెనక్కాయ పొట్టు కూరి, పైన గడ్డి కప్పి, దాని మీద బురద మెత్తి, మంచు విడిచాక నిప్పు పెట్టేవాళ్ళు. మూడో రోజు ఆవం విప్పడం మా ఇంట్లో పండగ.

విప్పిన రోజు మామ దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. ఒక్కొక్క కుండను బూడిద దులిపి, ఎడమ చేతి మీద నిలబెట్టి, మడిచిన వేలితో కొట్టి వినేవాడు. ఖంగుమంటే కుడి పక్క పెట్టేవాడు. మోత చచ్చిపోయినట్టుంటే గోడ పక్కన బోర్లించేవాడు. బోర్లించినవి మర్నాడు సాయంత్రం పగలగొట్టి, ఆ పెంకులు దంచి మళ్ళీ మట్టిలో కలపాల. వాటిని తక్కువకు అమ్మడం, ఊరికే ఇవ్వడం కూడా లేదు.

ఆ మార్గశిరంలో విప్పిన ఒక ఆవంలో పెద్ద పాలకుండ ఒకటి ఉండింది. దాని సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే పదకొండు రోజులు అది మా గదిలో, నా తలగడ పక్కన ఉంది. ఎప్పుడు ఆరుతుందా, ఎప్పుడు పోతుందా అని చూసి చూసి, ఒకరోజు అత్త చూడకుండా దాన్ని తీసుకుపోయి పొయ్యి పక్కన పెట్టి ఆరబెట్టాను. సాయంత్రానికి మళ్ళీ దాని చోట పెట్టేశాను. తొందరగా ఆరితే లోపల పగులు పడుతుందని వినే ఉన్నాను, కానీ బయటికి ఏమీ కనపడలేదు. ఆవంలోంచి తీసినప్పుడు కూడా నిండు పొట్ట, గుండ్రని మూతి, ఎర్రగా తళతళలాడుతోంది. మామ దాన్ని కొట్టి విన్నాడు, మళ్ళీ కొట్టి విన్నాడు. లేచి పోయి గోడ పక్కన బోర్లించాడు. నేను చేసిన పని వల్లనేనని తెలుసు, కానీ అంత చక్కటి కుండను పగలగొట్టడానికి మనసు ఒప్పలేదు. మట్టి తొక్కిన కాళ్ళు, సారె తిప్పిన చేతులు, పదకొండు రోజుల నా నిద్ర, అంతా ఒక్క చప్పుడు బాగలేదని పెంకులైపోవాలా?

మర్నాడు పుంగనూరు సంత. చలికి అత్త మడమలు పగిలి నడవలేకుండా ఉంది. మా ఆయన ఎద్దులబండిలోంచి కుండలు దించి, ఆమె చోట నన్ను కూర్చోబెట్టి, పొట్టు తేవడానికి మిల్లుకు పోయాడు. బండికి ఎక్కించేటప్పుడు బోర్లించిన ఆ కుండను నేనే తిప్పి, గడ్డి మధ్యలో పెట్టాను. సంతలో మొదటిసారి ఒక్కదాన్నే కూర్చోవడం. తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారేమోనని కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాను. కాసేపటికి చౌడేపల్లె పక్క నుంచి వచ్చిన ఒకామె నిలబడింది. సేద్యం చేసుకునే వాళ్ళ ఇంటామె అని చూడగానే తెలుస్తోంది. పేరు రెడ్డెమ్మ అని తరవాత ఆమే చెప్పింది.

"ఆవు ఈనిందమ్మా. పాలు కాంచే దానికి మంచి కుండ కావాల. ఎవురి కుండలు ఇవి?"

"మునెప్ప మామవి" అన్నాను.

"మునెప్పవా? అట్లయితే కొట్టి సూసే పనిల్యా" అని, ఉన్నవాటిలో పెద్దదని ఆ కుండే తీసి చంకలో పెట్టుకుంది. వాళ్ళ ఊరు, ఇల్లు ఎక్కడో, పుట్టింది పెయ్యదూడ అని అంతా చెప్పి, నవ్వుతూ పోయింది. నాకు సంతోషం వేసింది. ఇంకొక కుండ ఇస్తానని పిలవొచ్చు. పిలవలేదు.

ఇంటికి వచ్చేసరికి మామ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. పెంకులు దంచడానికి రోకలి తెచ్చుకున్నాడు.

"ఈడ బోర్లించిన పాలకుండ యాడ పాపా?"

అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. పొయ్యి పక్కన పెట్టిన దగ్గరనుంచి మొత్తం చెప్పేశాను. అత్త చేటలోని గింజలు వదిలేసి లేచింది. "ఎంత పని చేస్తివే! నేను సంతకు పోతే ఎవురూ నా కుండ కొట్టి సూడరు. అట్లా కావడానికి నాకు ముప్పై ఏండ్లు పట్టె" అంది. ఆ మాటకు నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. మామ మాత్రం "కొనింది ఎవురు? పాలు ఎప్పుడు కాంచుతారంట?" అని అడిగాడు. కొత్త కుండలో రాత్రంతా గంజి పోసి ఉంచి, తెల్లారి పొయ్యి మీద పెట్టడం ఇక్కడి వాడుక. ఆ లెక్కన మర్నాటి పొద్దునే. "ఇంగ రేత్రికి బస్సు లేదు. పొద్దున మొదటి బస్సుకు పోదాం. నువ్వూ రా పాపా, ఇల్లు నీకే గదా తెలుసు" అని, కుడి పక్క వరసలో అన్నిటికన్నా మంచి కుండను ఎంచి పక్కన పెట్టుకున్నాడు.

మర్నాడు మంచులో బస్సు దీపాలు కూడా సరిగా కనపడలేదు. మామ కొత్త కుండను ఒళ్ళో పెట్టుకుని, దాని మూతి మీద తువ్వాలు కప్పి కూర్చున్నాడు. బస్సు దిగాక చెనక్కాయ పీకేసిన చేల గట్ల మీద రెండు మైళ్ళు నడవాల. నేను వెనక నడుస్తూ ఆయన మడమలే చూశాను. మట్టి తొక్కి తొక్కి పగిలిన మడమలు. అంత చలిలో ఆయన పరుగులాంటి నడక నడుస్తున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది.

మేం వాకిట్లో అడుగు పెట్టేసరికి బయట పొయ్యి మీద ఆ కుండే ఉంది. పాలు వేడెక్కి పొగ వస్తోంది. పొయ్యి ముందు రెడ్డెమ్మ కూతురు, నాలుగేళ్ళ పిల్ల, చలికి చేతులు కాచుకుంటూ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మామ "అమ్మా, బిడ్డను అవతలకి తీయి" అంటూనే చేతిలోని కొత్త కుండ నాకిచ్చి, తువ్వాలు చేతులకు చుట్టుకుని, పొయ్యి మీది కుండను ఎత్తేశాడు. నాలుగు అడుగులు నడిచాడో లేదో, కింద భాగం విడిపోయింది. వేడి పాలన్నీ ఆయన పాదాల మీద, నేల మీద పడ్డాయి. మూతి మాత్రం చేతుల్లో మిగిలింది. ఆయన కదల్లేదు. దాన్ని పక్కన పెట్టి, చేతులు జోడించి, "నా కుండ బాగల్యా తల్లీ. మార్చిపోదామని వస్తి. రవ్వంత ఆలస్యమాయ" అన్నాడు.

నా కుండ అన్నాడు. నా కోడలు అనలేదు. నాకు మనసు ఆగలేదు. "మామ తప్పు లేదక్కా. ఆయన పగలగొట్టమని బోర్లించినాడు. నేనే తెచ్చి నీకు అమ్మినా" అన్నాను. రెడ్డెమ్మ నా వైపు చూడలేదు. పొయ్యి ముందు పిల్ల కూర్చున్న చోటు చూసింది, పిల్లను ఎత్తి చంకనేసుకుంది. తరవాత లోపలికి పోయి వెన్న తెచ్చి మామ పాదాలకు తనే రాసింది. ఆయన వద్దంటున్నా వినలేదు. ఎర్రగా కమిలిన ఆ పాదాలు చూస్తూ నేను గోడకు ఆనుకుని ఏడుస్తున్నాను. మేం తెచ్చిన కుండ తీసుకుని, బెల్లం కాఫీ ఇచ్చి మమ్మల్ని పంపేటప్పుడు మాత్రం ఆమె నాతో, "కుండ మంచిది కాదని కుమ్మరాయనే ఇల్లెతుక్కోని వచ్చింది నేను యాడా సూడలేదు. నువ్వు ఆయన ఇంటికి కోడలుగా పోయినావు, సూసి నేర్చుకో" అంది. ఆ మాట సూదిలా గుచ్చింది. కానీ దాన్లో ఒక మర్యాద కూడా ఉంది, ఆ మర్యాద మా ఇంటిది. అంతవరకూ కులం మాట వస్తే తల దించుకున్న దాన్ని, తిరుగు ప్రయాణంలో బస్సులో ఒకామె "ఎవురమ్మా మీరు?" అని అడిగితే, "మునెప్ప కోడల్ని, కుమ్మరోళ్ళం" అని వెంటనే చెప్పాను.

పాదాలు మానేదాకా మామ మట్టి తొక్కలేదు, నేను తొక్కాను. చలికి కాళ్ళు తిమ్మిరెక్కి, సాయంత్రానికి కూర్చోలేక నిలబడలేక అయ్యేది. ఎవరూ నన్ను తొక్కమనలేదు. తరవాతి ఆవం విప్పిన రోజు మామ పక్కన గోనెసంచి పరిచి, "ఇట్రా పాపా, కూచ్చో" అన్నాడు. ఒక మంచి కుండ, ఒక చెడ్డ కుండ నా ముందు పెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. కొట్టి, ఏది ఏదో చెప్పమన్నాడు. మొదటి రోజు అన్నీ తప్పే. "కంటితో సూడొద్దు. కన్ను అందానికి పోతాది" అనేవాడు. పుష్యం ముగిసేసరికి పదిలో ఏడు, రెండో చలికాలానికి పదికి పది చెప్పగలిగాను. నేను బోర్లించిన కుండను మామ మళ్ళీ తీసి కొట్టి చూసేవాడు. కొన్నాళ్ళకు చూడ్డం మానేశాడు. ఆయన అట్లా చూడ్డం మానేసిన రోజున నాకు కలిగిన సంతోషం పదో తరగతి పాసైన రోజు కూడా కలగలేదు. ఆ చౌడేపల్లె పక్క ఊరివాళ్ళు, మాఘమాసం పెళ్ళిళ్ళకు పందిట్లో పెట్టే అరివేణి కుండలు కావాలంటే మేళం పెట్టుకుని మా ఇంటికే వచ్చేవాళ్ళు.

తరవాత పదేళ్ళకు మామకు చెవులు మందగించాయి. మదనపల్లెలో డాక్టరుకు చూపిస్తే వయసు అన్నాడు. అప్పటికి ప్లాస్టిక్ బిందెలు, స్టీలు గిన్నెలు ప్రతి ఇంట్లోకీ వచ్చేశాయి. మేం చేసే కుండలు సగానికి పడిపోయాయి. అయినా ఆవం విప్పిన ప్రతిసారీ మామ వచ్చి నా పక్కన కూర్చునేవాడు. నేను కొడుతుంటే, ఆయన రెండు అరచేతులూ కుండ పొట్టకు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. మోత ఆయన చేతుల్లోకి పోయేది. మంచిదైతే తల ఆడించేవాడు. ఎవరైనా "ఏం మునెప్పా, వినపడతాందా?" అని అరిచి అడిగితే, "నాకు యాల? మా పాపకు వినపడతాది" అని గట్టిగా చెప్పేవాడు. ఆయన పోయినప్పుడు చుట్టుపక్కల పది ఊళ్ళ నుంచి జనం వచ్చారు. అంతమంది మా వాకిట్లో పట్టక రోడ్డు మీద నిలబడ్డారు.

ఇప్పుడు మా ఆయన కరెంటు చక్రం మీద చేస్తాడు. మట్టి తొక్కడానికి మిషను ఉంది, చలికి వేళ్ళు కొంకర్లు పోయే పని లేదు. కుండలు ఆరబెట్టడానికి రేకుల షెడ్డు ఉంది, మా గదిలో కాళ్ళు చాపుకుని పడుకుంటున్నాం. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను అనను. ఆ చలి, ఆ నొప్పులు ఎవరికీ వద్దు. కానీ ఆ ఇంట్లో ఒక కుండ వాకిలి దాటాలంటే ఎంత విచారణ జరిగేదో, ఇప్పుడు ఏ దుకాణంలో ఏ వస్తువు తీసుకున్నా ఆ విచారణ కనపడదు. పగిలితే మార్చిస్తామని కాగితం ఇస్తారు, పగులుతుందని ముందే వచ్చి చెప్పేవాళ్ళు లేరు.

మామ పోయిన ఏడాది మా పెద్దమ్మాయిని మదనపల్లెలో హైస్కూల్లో చేర్చడానికి పోయాను. ఆఫీసులో గుమాస్తా, మంచి మనిషే, ఫారం తనే నింపుతూ తండ్రి పని ఏమని అడిగాడు. కుమ్మరి పని అన్నాను. రాశాడు. తల్లి గడి దగ్గరకొచ్చి, నన్ను అడక్కుండానే గృహిణి అని మొదలుపెట్టాడు.

"కాదప్పా. ఆడ కూడా కుమ్మరి అనే రాయి" అన్నాను.

ఆయన కలం ఆపి తలెత్తాడు. "ఆడోళ్ళు సారె పట్టరు కదమ్మా?"

"సారె మా ఆయన పడతాడు. చేసిన కుండ ఇల్లు దాటొచ్చా, దాటగూడదా అని చెప్పేది నేను" అన్నాను.

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, రాసింది కొట్టేసి, పక్కన కుమ్మరి అని గుండ్రంగా రాశాడు. ఫారం ఇటు తిప్పమని అడిగి, మా అమ్మాయి చేత ఆ గడి పైకి చదివించి, అప్పుడు కింద సంతకం పెట్టాను.